ఇంటి ఉదజనితో ఇంధనపు పొదుపు : ఒక విమర్శ

శ్రీకాకుళమునుండి శ్రీముఖలింగమునకు సుమారు 45 కిలోమీటర్ల దారి. జాతీయ రహదారిపై మడపాము వద్ద వంశధారను దాటి, నరసన్నపేట మీదుగా జలుమూరు మండలములో ప్రవేశించినచో, మరల అదే నది యొడ్డున మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు కానవచ్చును. తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరము ఇదియేనని చరిత్రకారులు పెక్కురు తలంతురు. మహాశివరాత్రికి ఈ దారి బస్సులతో, ఆటోలతో, కార్లతో నిండిపోవును. లీటరు పెట్రోలుకు 15 కిలోమీటర్లు నడచు కారొకటి ఈ దారిని గంటలో ముగించినచో, దానికి మూడు లీటర్లు ఖర్చగును. ఈ మూడు లీటర్లే ఈ విమర్శకు తూకపురాయి.

2021లో ఆంధ్రప్రదేశములో పెట్రోలు ధర లీటరు నూరు రూపాయలను దాటెను. అద్దె కారు నడుపువానికిగాని, ఆటో నడుపువానికిగాని మూడు లీటర్లలో అర లీటరు మిగిలిన చాలు, ఆ పూట కూరగాయలు వచ్చినట్లే. అట్టివాని చెవికి ఇంపుగా వినబడు మాట యొకటి చాలకాలమునుండి ప్రచారములో నున్నది. ఒక డబ్బాలో నీరు పోసి, అందులో ఉక్కు పలకలు అమర్చి, బండి బ్యాటరీనుండి తీగలు కలిపినచో ఉదజని, అనగా హైడ్రోజను, పుట్టుననియు, దానిని గొట్టముద్వారా ఇంజను పీల్చు గాలిలోనికి పంపినచో ఇరువది, ముప్పది శాతము ఇంధనము మిగులుననియు ఆ మాట. ఇట్టి డబ్బాలను అమ్మువారు కలరు. ఇంటిలోనే చేసికొనువారు కలరు. నమూనాలుగా చేసి పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలకు తెచ్చు విద్యార్థులును కలరు. కావున ఈ మాటలో సత్యమెంత, భ్రమయెంత యని విచారించుట ఉపాధ్యాయులకు అవసరము.

డబ్బాలో జరుగు పని

ముందుగా ఒక సంగతి ఒప్పుకొనవలెను. డబ్బాలో ఉదజని పుట్టుట అబద్ధము కాదు. 1800లో నికల్సన్, కార్లైల్ అను ఇరువురు ఆంగ్లేయులు విద్యుత్తును నీటిలో ప్రవహింపజేసి దానిని ఉదజనిగను, ఆమ్లజనిగను విడదీసిరి. ఎంత విద్యుత్తుకు ఎంత వాయువు వెలువడునో 1834లో మైకేల్ ఫారడే నియమములుగా కూర్చెను. ఇంజనులో ఉదజనిని మండించుటయు కొత్త కాదు. 1807లోనే ఐజాక్ ద రివాజ్ అను నాతడు ఉదజనితో నడచు ఇంజనును నిర్మించెను.

ఉదజని చక్కని ఇంధనమే. కిలోగ్రాముకు సుమారు 120 మెగాజౌలుల ఉష్ణమిచ్చును. పెట్రోలు ఇచ్చునది సుమారు 43 మాత్రమే. ఈ అంకెను చూచియే చాలమంది మోసపోవుదురు. ఉదజని మిక్కిలి తేలికైన వాయువు. లీటరు ఉదజనిలో సుమారు 10.8 కిలోజౌలుల శక్తి మాత్రమే యుండును. లీటరు పెట్రోలులో సుమారు 32,000 కిలోజౌలులుండును. బరువునుబట్టి గెలిచిన ఉదజని పరిమాణమును బట్టి చూచినచో మూడువేల వంతులో ఒక వంతైనది.

నీరు ఇంధనము కాదు

ప్రచారములో మొదటి మాట, "బండి నీటితో నడచును" అనునది. ఉదజని ఆమ్లజనితో కలిసి మండగా మిగులునదే నీరు. పిడక కాలి విభూతి యైనట్లు, ఉదజని కాలి నీరైనది. కాలిన విభూతిని మరల పొయ్యిలో వేసి అన్నము వండజాలరు. విభూతిని తిరిగి పిడకగా మార్చగల ఉపాయమే యున్నను, పిడక కాలినప్పుడు ఎంత ఉష్ణము వెలువడినదో కనీసమంత శక్తిని తిరిగి చెల్లింపవలెను. నీటిని విడదీయుటయు అట్టిదే. లీటరు ఉదజని రావలెనన్న కనీసము 12.7 కిలోజౌలులు చెల్లింపవలెను. ఆచరణలో ఇంకను ఎక్కువ పట్టును. ఆ ఉదజని మండినప్పుడు పుట్టిన నీరు ఆవిరిగా బయటకు పోవును గనుక, ఇంజనుకు దక్కునది 10.8 మాత్రమే. ఎంత నేర్పుగల మెకానిక్కైనను, ఎంత మంచి ఉక్కు పలక యైనను ఈ తేడాను తలక్రిందులు చేయజాలవు. ఇది పనితనములోని లోపము కాదు. శక్తి నిత్యత్వ నియమము.

ఈ నియమమును జయించితినని చెప్పుకొన్నవారు లేకపోలేదు. అమెరికాలో స్టాన్లీ మేయరు అను నాతడు నీటితో నడచు బండిని చేసితినని చెప్పి పెట్టుబడులు సేకరించెను. 1996లో ఒహాయో రాష్ట్ర న్యాయస్థానము అది ఘోరమైన మోసమని తీర్పుచెప్పి, పెట్టుబడిదారులకు సొమ్ము తిరిగి ఇప్పించెను. అదే సంవత్సరము మన దేశములో "మూలికా పెట్రోలు" పేరిట తమిళనాట పెద్ద సంచలనము కలిగెను. పరీక్షలలో అందున్నవి పెట్రోలియపు పదార్థములేయని తేలెను. ఈ రెండు సందర్భములలోను చూపరులు మొదట బండి కదలుటను చూచిరి. శక్తి ఎక్కడినుండి వచ్చుచున్నదని తరువాత ప్రశ్నించిరి. ప్రశ్న ముందు రావలసినది.

"ఆల్టర్నేటరు ఊరకే తిరుగుచున్నది గదా!"

చదువుకొన్నవారు నీటి బండి మాటను నమ్మరు. వారికొరకు రెండవ మాట సిద్ధముగా నున్నది. ఇంజను నడచునంతసేపు ఆల్టర్నేటరు తిరుగుచునే యుండును, అందులో వృథాయగు విద్యుత్తును వాడుకొనినచో నష్టమేమి? అని వారి వాదము.

ఈ వాదమునకు సమాధానము పాత సైకిలు డైనమోలో కలదు. డైనమో చక్రమునకు ఆనియుండగా, దీపము తీగ ఊడదీసి తొక్కినప్పుడు పెడలు తేలికగా నుండును. తీగ కలిపి దీపము వెలిగించిన వెంటనే కాళ్ళకు బరువు తెలియును. విద్యుత్తు తీసికొనిన కొలదియు, దానిని పుట్టించు చలనమునకు ఎదురు బలము కలుగును. దీనిని 1834లో లెంజ్ నియమముగా చెప్పెను. విద్యార్థులు దీనిని నేటికిని చదువుచున్నారు. ఆల్టర్నేటరు తిరుగుట వేరు, విద్యుత్తు నిచ్చుచు తిరుగుట వేరు. ఊరక వచ్చు విద్యుత్తు అందులో లేదు.

ఇక లెక్క చూడవచ్చును. బాగుగా చేసిన డబ్బాలో ఆరు గదులు వరుసగా నున్నవనియు, ఒక్కొక్క గదికి 2 వోల్టుల చొప్పున 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు ప్రవహించుచున్నవనియు అనుకొందురు గాక. ఫారడే నియమము ప్రకారము ఒక గదిలో ఒక ఆంపియరు ఒక గంట ప్రవహించినచో 0.418 లీటరు ఉదజని వచ్చును. పది ఆంపియర్లు, ఆరు గదులు. కావున గంటకు సుమారు 25 లీటర్లు. అందలి శక్తి సుమారు 270 కిలోజౌలులు.

దీనికి చెల్లించినదెంత? 120 వాట్ల చొప్పున గంటకు 432 కిలోజౌలుల విద్యుత్తు. ఆల్టర్నేటరు తనకందిన పనిలో 60 శాతమును విద్యుత్తుగా మార్చుననుకొనినచో, ఇంజను దానికి 720 కిలోజౌలుల పని ఇయ్యవలెను. ఇంజను పెట్రోలు శక్తిలో నాలుగవ వంతును మాత్రమే పనిగా మార్చును. కావున 2,880 కిలోజౌలుల పెట్రోలు, అనగా సుమారు 90 మిల్లీలీటర్లు ఈ ఉదజని కొరకే కాలినది.

ఇప్పుడు ఆ ఉదజని ఇంజనులో మండి తిరిగి ఇచ్చునదెంత? 270 కిలోజౌలులలో నాలుగవ వంతు, అనగా సుమారు 68 కిలోజౌలుల పని. ఇచ్చినది 720, వచ్చినది 68. పది రూపాయలు ఖర్చుపెట్టి రూపాయి కూడ తిరిగి తెచ్చుకొనలేని బేరమిది. శ్రీకాకుళమునుండి శ్రీముఖలింగము చేరునప్పటికి మూడు లీటర్లు కాలవలసిన కారులో సుమారు 80 మిల్లీలీటర్లు అదనముగా కాలియుండును. ఒకే గది గల నాసి డబ్బా యైనచో ఉదజని ఆరవ వంతునకు తగ్గును. ఖర్చు మాత్రము తగ్గదు. మిగిలిన విద్యుత్తు నీటిని వేడిచేయుటకే పోవును.

ఇంధనము కాదు, సహాయకారి యను వాదము

మూడవ వాదము తక్కిన వానికంటె తెలివైనది. "ఉదజనిని ఇంధనముగా లెక్కింపవద్దు. అది పెట్రోలు త్వరగా, పూర్తిగా మండుటకు తోడ్పడును, కొద్దిపాటి చాలును" అని దీని సారాంశము. ఇందులో కొంత సత్యము కలదు గనుక దీనిని తొందరపడి త్రోసివేయరాదు.

ఉదజని మంట వేగముగా వ్యాపించును. గాలి ఎక్కువ, ఇంధనము తక్కువ గల పలుచని మిశ్రమమును గూడ అది మండనిచ్చును. 1970ల దశకములో అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పెట్రోలుకు ఉదజనిని చేర్చి ఇట్టి పలుచని మిశ్రమములతో ఇంజనులను నడిపి చూచిరి. కాని అక్కడ ఉదజనిని ఇంజను తిప్పు ఆల్టర్నేటరుతో చేయలేదు. పెట్రోలులో కొంత భాగమును వేరొక పాత్రలో రసాయనికముగా మార్చి దానిని పొందిరి. ఇంజనును గూడ పలుచని మిశ్రమమునకు తగినట్లు సవరించిరి.

డబ్బా వాదులు ఈ ప్రయోగముల పేరును అరువు తెచ్చుకొందురుగాని, పరిమాణమును మాత్రము మరచిపోవుదురు. మూడు లీటర్ల పెట్రోలు మండుటకు సుమారు 28,000 లీటర్ల గాలి కావలెను. ఆ గాలిలో డబ్బానుండి వచ్చు ఉదజని 25 లీటర్లు. అనగా వెయ్యింట ఒక వంతు కూడ లేదు. చెరువులో చిటికెడు ఉప్పు వేసి నీరు ఉప్పగైనదనుట వంటిదే ఇది.

"పూర్తిగా మండించుట" అను మాటలో మరియొక పొరపాటు కలదు. మంచి స్థితిలోనున్న నేటి పెట్రోలు ఇంజనులో ఇంధనము నూటికి 98 వంతులకుపైగా మండియే తీరుచున్నది. ఇంజను నష్టపోవుచున్నది మండని పెట్రోలువలన కాదు. మండిన పెట్రోలు ఉష్ణములో అధికభాగము పొగగొట్టముద్వారాను, రేడియేటరుద్వారాను బయటకు పోవుటవలన. మండక మిగిలినదంతయు మండించినను లాభము నూటికి రెండు దాటదు. అట్టిచోట ముప్పది శాతము పొదుపు ఎక్కడినుండి వచ్చును?

మరి చూచినవారు చెప్పునది?

"లెక్కలు మీరు చెప్పుడు. మా బండిలో మైలేజి పెరిగినది" అని నడుపువారు చెప్పుదురు. వారందరును అబద్ధమాడుచున్నారనుట అన్యాయము. వారు చూచినది నిజమే కావచ్చును. కారణము మాత్రము డబ్బా కాకపోవచ్చును.

కొత్త డబ్బా అమర్చిన దినమున బండిని సర్వీసు చేయింతురు. టైర్లలో గాలి సరిచూతురు. మైలేజి కొలువవలెనని ఎవరును చెప్పకయే నెమ్మదిగా నడుపుదురు. ఈ మూడును ఇంధనమును నిజముగానే మిగుల్చును. ట్యాంకును "నిండుగా" నింపుటలో ఒకనాటికి మరియొకనాటికి అర లీటరు తేడా వచ్చుట కష్టము కాదు; మూడు లీటర్ల ప్రయాణములో అది ఆరవ వంతు. సముద్రపు గాలి ఎదురైన దినము, వెనుకనుండి వీచిన దినము ఒకటి కావు. కొందరు డబ్బాకు వేరొక బ్యాటరీ పెట్టి ఇంటివద్ద నింపుకొందురు. అప్పుడు ఖర్చు పెట్రోలు లెక్కలో కనబడదు. కరెంటు బిల్లులో కనబడును.

కొన్ని డబ్బాలతోపాటు చిన్న ఎలక్ట్రానిక్ పరికరమును గూడ ఇత్తురు. పొగగొట్టములోని ఆమ్లజని సూచికనుండి పోవు సమాచారమును అది మార్చివేయును. దానివలన ఇంజను మిశ్రమము పలుచనై పెట్రోలు కొంత తగ్గవచ్చును. ఆ తగ్గుదల ఉదజనివలన కాదు. పైగా పొగలోని నైట్రోజను ఆక్సైడులను శుద్ధిచేయు పరికరము సరిగా పనిచేయదు. ఇంజను బలము తగ్గును. బండికి కంపెనీవారు నిర్ణయించిన లక్షణములను తోచినట్లు మార్చుటను మోటారు వాహనముల చట్టము, 1988, 52వ సెక్షను నిషేధించుచున్నది.

ఇట్టి చిక్కులవలననే ప్రమాణములు గల పరీక్ష అవసరమైనది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇంధనమును మిగుల్తునను పరికరములను నూటికి మించి పరిశీలించెను. మైలేజిని చెప్పుకోదగినంతగా పెంచినది వానిలో ఒక్కటియు కనబడలేదు.

పరీక్ష ఎట్లుండవలెను?

నమ్మినవారికిని, నమ్మనివారికిని సమానముగా తీర్పుచెప్పు పరీక్ష కష్టమైనది కాదు. దారి ఒక్కటే కావలెను. పోవుటయు వచ్చుటయు రెండును లెక్కకు రావలెను. అప్పుడు ఎత్తుపల్లములు చాలవరకు సరిపడును. ఆ పూట గాలి మారనిచో దాని ప్రభావమును చాలవరకు సరిపడును. ఇంధనమును చూపుడు ముల్లునుబట్టి కాక, తూకమునుబట్టి కొలువవలెను. టైర్లగాలి, ప్రయాణికుల సంఖ్య, వేగము మారరాదు. బ్యాటరీ మొదట ఎట్లుండెనో చివరకు అట్లే యుండవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి కలదు. డబ్బా పనిచేయుచున్నదో లేదో నడుపువానికి తెలియరాదు. స్విచ్చు మరియొకరి చేతిలో నుండవలెను. ఏనాడు వేయవలెనో, ఏనాడు తీయవలెనో నాణెము ఎగురవేసి నిర్ణయింపవలెను. ఇట్లు పదిమార్లు వేసి, పదిమార్లు తీసి, చీటీలు చివరకే విప్పి చూడవలెను. స్విచ్చు వేసిన పది ప్రయాణముల సరాసరికిని, తీసిన పదింటి సరాసరికిని గల తేడా, ఆయా ప్రయాణములలో ఒకదానికొకటి గల తేడాకంటె స్పష్టముగా పెద్దదైనప్పుడే పొదుపు అని చెప్పవచ్చును. అమ్మువారు ఇట్టి పరీక్షను ఏల చూపరని కొనువారు అడుగుట న్యాయము.

ప్రదర్శనశాలలో ప్రమాదము

ఈ విషయములో మైలేజికంటె గొప్పది పిల్లల క్షేమము. గాలిలో ఉదజని 4 శాతమునుండి 75 శాతమువరకు ఎంత యున్నను అంటుకొనును. పై డబ్బాలో ఉదజనియు ఆమ్లజనియు కలిసియే వెలువడును. ఆ మిశ్రమము మండుటకు బయటి గాలితో పనిలేదు; కంటికి కనబడని నిప్పురవ్వ చాలును; మంట గొట్టములో వెనుకకు పరుగెత్తి డబ్బాను పేల్చివేయగలదు. అట్టి వాయువును సీసాలోగాని, బెలూనులోగాని నిలువచేయుట ఎన్నడును తగదు. డబ్బాలో కలుపు పొటాసియం హైడ్రాక్సైడు కంటిలో పడినచో చూపు పోవచ్చును. క్షారమునకు బదులు ఉప్పు వేసినచో విషవాయువైన క్లోరిను పుట్టును. తుప్పుపట్టని ఉక్కు పలకలు అరిగి, నీరు పసుపురంగునకు తిరుగుచున్నదన్నచో, అందు విషమైన క్రోమియం లవణములుండవచ్చును. దానిని చేతితో ముట్టరాదు, కాలువలో పారబోయరాదు.

మరియొక హాని కంటికి కనబడదు. "నీటితో నడచు బండి" యను పలక కట్టిన నమూనాకు బహుమతి లభించినచో, ఆ విద్యార్థి శక్తి నిత్యత్వమును పరీక్షలో వ్రాయుచు ప్రదర్శనలో మరచుట నేర్చుకొనును. అతని చేతిపని మెచ్చదగినదే. గదులను వరుసగా కలుపుట, గొట్టములు కారకుండ బిగించుట ఎల్లరకు రాదు. ఆ నేర్పును చిన్నబుచ్చక, ప్రశ్నను మాత్రము మార్చుట ఉపాధ్యాయుని పని. "ఎంత పెట్రోలు మిగులును?" అనుటకు బదులు "ఇచ్చిన విద్యుత్తులో ఎంత తిరిగి వచ్చును?" అని అడిగినచో అదే నమూనా నిజమైన ప్రయోగమగును. రెండు వాయువులను వేరువేరు గొట్టములలో పట్టు హాఫ్‌మన్ వోల్టామీటరులో, ఉపాధ్యాయుని సమక్షమున, ఒక ఆంపియరును పది నిమిషములు ప్రవహింపజేసినచో ప్రమాణ పరిస్థితులలో సుమారు 70 మిల్లీలీటర్ల ఉదజని రావలెను. విద్యార్థి తాను కొలిచిన దానిని ఫారడే చెప్పిన దానితో పోల్చి, తేడాకు కారణములు వ్రాసినచో, బహుమతికి అర్హత దానికే కలదు.

ఉదజనికి తగిన చోటు

ఈ విమర్శ ఉదజనిపై కాదు. 2020లో ఢిల్లీలో 18 శాతము ఉదజని కలిపిన సహజవాయువుతో 50 బస్సులను ప్రయోగాత్మకముగా నడిపిరి. ఆ ఉదజనిని బస్సు ఇంజను చేయలేదు. డిపోలోని కర్మాగారము చేసెను. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము జాతీయ హరిత ఉదజని కార్యక్రమమును ఆమోదించి, 2030 నాటికి సంవత్సరమునకు 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యముగా పెట్టుకొనెను. 2025 జనవరి 8న ఉత్తరాంధ్ర తీరముననే, అనకాపల్లి జిల్లా పూడిమడకలో, హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను.

పూడిమడకలో తలపెట్టిన పనియు, ఇంటి డబ్బాలోని పనియు ఒకటే. నీటిని విద్యుత్తుతో విడదీయుట. భేదమంతయు ఆ విద్యుత్తు ఎవరి ఖాతాలోనిది అనుటలో నున్నది. అక్కడ సూర్యుడును గాలియు చెల్లించును. నష్టమక్కడను కలుగును, కాని కాలునది పెట్రోలు కాదు. బండిలోని డబ్బాకు చెల్లించువాడు పెట్రోలు ట్యాంకే. తన జేబులోని రూపాయిని రెండవ జేబులోనికి మార్చుచు, దారిలో తొంబది పైసలు జారవిడుచుకొనువాడు ధనవంతుడగుట ఎట్లు?

శ్రీముఖలింగపు దారిలో పెట్రోలును మిగుల్పగోరువానికి ఉపాయములు లేకపోలేదు. టైర్లలో సరియైన గాలి, నిలుకడయైన వేగము, శుభ్రమైన గాలి వడపోత, రైల్వే గేటువద్ద ఆపివేసిన ఇంజను, అక్కరలేని బరువు దించుట. ఇవి పాత మాటలే. వీనిలో ఏ ఒక్కటియు ముప్పది శాతమును వాగ్దానము చేయదు. ఇచ్చునది కొంచెమే యైనను, ఆ కొంచెమును వేరొకచోటనుండి దొంగిలించి తేదు.